వేదికపై ధ్వని నిర్వహణ - ఒక పరిశీలన

మన కళాశాల వార్షికోత్సవమునకు ఒక ప్రత్యేకత కలదు. ఒకే సాయంకాలము, ఒకే వేదికపై ఉర్దూ ముషాయిరా, తెలుగు బుర్రకథ, కవ్వాలీ, విద్యార్థుల పాటకచేరి వరుసగా జరుగును. ముషాయిరాలో మనసునకు నచ్చిన పంక్తిని మరల చదువుమని శ్రోతలు "ముకర్రర్" అని కోరుట ఆచారము. తెలుగు నాటక సభలలో మంచి పద్యమునకు "వన్స్ మోర్" అనుటయు అట్టిదే. రెండును మెప్పుకోలు మాటలు. కాని గత సంవత్సరపు ఉత్సవములో వెనుక వరుసల నుండి వచ్చిన "ముకర్రర్" మెప్పుకోలు కాదు. తమకు వినబడలేదని శ్రోతలు చేసిన ఫిర్యాదు.

ఆనాడు జరిగినది ముందుగా చెప్పవలసియున్నది. ద్వితీయ సంవత్సర విద్యార్థిని ఒకతె తాను వ్రాసిన గజల్ చదువుటకు లేచినది. అంతకు ముందే పాటకచేరి ముగిసినది. ఆ బృందము కొరకు పెట్టిన ఎనిమిది మైకులును, వేదికపై నున్న మానిటరు స్పీకర్లును తెరిచియే ఉన్నవి. ఆమె కంఠము సన్ననిది. వినబడుట లేదని మైకుసెట్టు వారు ధ్వని పెంచినారు. వెంటనే మైకు కూసినది. తగ్గించినారు, మాట మాయమైనది. మరల పెంచినారు; మరల కూత. మూడవసారి కూత రాగానే ఆ అమ్మాయి కాగితము మడిచి నమస్కరించి కూర్చున్నది. ఊరి నుండి వచ్చి చివరి వరుసలో కూర్చున్న ఆమె తండ్రిగారు ఒక్క షేర్ కూడ వినకనే తిరిగి వెళ్ళినారు.

వేదిక ఏర్పాట్ల సంఘములో నున్న మేము ఆ మరునాడే, దోషమంతయు పాత మిక్సరుదేనని నిశ్చయించుకొని, డిజిటల్ మిక్సరు కొనుటకు కళాశాల కార్యవర్గమునకు విజ్ఞప్తి వ్రాసినాము. కార్యవర్గము వారు మమ్ము ఒకే ప్రశ్న అడిగినారు: "యంత్రము మార్చినంత మాత్రమున కూత ఆగునా?" ఆనాడు మా వద్ద సమాధానము లేదు. ఈ సంవత్సర కాలములో చదివి, మన సభాభవనముననే పరీక్షించి తెలిసికొన్న సమాధానమే ఈ వ్యాసము.

కూత ఎట్లు పుట్టును?

మైకు తీసికొనిన ధ్వని ఆంప్లిఫయరులో పెరిగి స్పీకరు నుండి వెలువడును. ఆ ధ్వనిలో కొంత భాగము మరల మైకునకు చేరును. చేరినది మరల పెరిగి వెలువడును. ఈ చక్రములో ఒక్కొక్క చుట్టునకు ధ్వని కొంత తగ్గుచున్నంతవరకు ప్రమాదము లేదు. ఏదో ఒక పౌనఃపున్యము వద్ద తగ్గక పెరుగుట మొదలైనచో, ఆ ఒక్క స్వరమే క్షణములో పెరిగి పెరిగి కూతగా మారును. డెన్మార్క్ భౌతిక శాస్త్రజ్ఞుడు సోరెన్ అబ్సలోన్ లార్సెన్ పేరిట దీనిని లార్సెన్ ప్రభావము అందురు.

కూత రాకుండ ఎంతవరకు ధ్వనిని పెంచవచ్చునో నిర్ణయించు విషయములలో రెండు ముఖ్యమైనవి. మొదటిది, నోటికిని మైకునకును గల దూరము. ఆరుబయట ధ్వని మూలము నుండి దూరము రెట్టింపయిన కొలదిని తీవ్రత 6 డెసిబెల్స్ చొప్పున తగ్గును. నోటికి 40 సెంటీమీటర్ల దూరమున నున్న మైకును 10 సెంటీమీటర్లకు తెచ్చినచో దూరము రెండుసార్లు సగమైనట్లు. కంఠధ్వని మైకు వద్ద సుమారు 12 డెసిబెల్స్ హెచ్చును. ఇది ఆంప్లిఫయరు శక్తిని పదునారు రెట్లు చేసినంత లాభము. దీనికి పైసా ఖర్చు లేదు.

రెండవది, తెరిచియున్న మైకుల సంఖ్య. మైకుల సంఖ్య రెట్టింపయిన ప్రతిసారియు కూతకు ముందు మనకు మిగిలియున్న అవకాశము 3 డెసిబెల్స్ తగ్గును. ఒకటికి బదులు ఎనిమిది మైకులు తెరిచియున్నచో మూడు రెట్టింపులు. అనగా 9 డెసిబెల్స్ నష్టము. ఆనాడు గజల్ చదివిన అమ్మాయికి కావలసినది ఒక్క మైకు. ఆమె ముందు లేని ఏడు మైకులు ఆమె గొంతు నొక్కినవి.

వేదికపై మోత ఎందుకు పెరుగును?

వేదిక ధ్వని యనగా శ్రోతల కొరకు పెట్టిన పెద్ద స్పీకర్ల ధ్వని కాదు. డ్రమ్ములు, గిటారు ఆంప్లిఫయరు, మానిటర్లు వేదికపైననే పుట్టించు మోత. మానిటరనగా కళాకారుడు తన స్వరము తాను వినుటకు అతని పాదముల ముందు అతని వైపు త్రిప్పి పెట్టిన స్పీకరు.

మానిటరు అవసరము ఎంతటిదో తెలియుటకు ఒక చరిత్ర ప్రసిద్ధ సభ చాలును. 1965 ఆగస్టు 15న న్యూయార్క్‌లోని షే స్టేడియములో బీటిల్స్ బృందము సుమారు 55,600 మంది ముందు పాడినది. నేటివలె మానిటర్లు వారి ముందు లేవు. జనుల కేకల నడుమ వారి పాట వారికే సరిగా వినబడలేదు. తరువాతి సంవత్సరములలో మానిటర్లు వేదికపై సర్వసాధారణమైనవి. కాని ఆ ఔషధమే నేడు అనేక వేదికలపై వ్యాధియైనది.

అది పెరుగు తీరు ఇట్లుండును. డ్రమ్ములు గట్టిగా మ్రోగును. గిటారు వాయించువాడు తన తీగ తనకు వినబడక ఆంప్లిఫయరు పెంచును. ఈ రెంటి నడుమ గాయకునకు తన కంఠము వినబడక మానిటరు పెంచుమని సైగ చేయును. మానిటరు పెరుగగానే కీబోర్డు వారు తమది కూడ పెంచుమందురు. ఎవరును దోషులు కారు. ప్రతివారును న్యాయముగానే అడిగినారు. కాని పది నిమిషములలో వేదిక సంతయగును. ఆ మోత అంతయు గాయకుని మైకులో ప్రవేశించును; వెనుక గోడకు తగిలి ఆలస్యముగా సభలోనికి వచ్చి మాటల అంచులను చెరుపును. అంతట మిక్సరు వద్ద నున్నవాడు కంఠమును పైకి తేవలెనని మొత్తము ధ్వనిని ఇంకను పెంచును. మన సభాభవనము వంటి చిన్న చోట్ల ఈ పోటీలో ఓడిపోవునది ఎల్లప్పుడును మాటయే.

వేదికను నెమ్మదిపరచు విధానము

ప్రతి కళారూపమునకు దాని పద్ధతి దానికే కలదు. కావున వేరువేరుగా పరిశీలింతము.

ముషాయిరా, కవిసమ్మేళనము: ఒక్క మైకు, అవసరమైనచో నిర్వాహకునకు రెండవది. మానిటరు దాదాపు అవసరము లేదు. సాధారణముగా వాడు కార్డియాయిడ్ మైకునకు ముందువైపు మాత్రమే చురుకు. సరిగా వెనుకవైపు చెవుడు. మానిటరు పెట్టినచో ఆ చెవిటి దిక్కుననే ఉంచవలెను. సూపర్ కార్డియాయిడ్ మైకునకు మాత్రము చెవిటి దిక్కు సరిగా వెనుక గాక, సుమారు 125 డిగ్రీల కోణమున ఇరుప్రక్కల నుండును. దానికి మానిటరును కొంచెము ప్రక్కకు జరుపవలెను. మైకు తలను గుప్పిట మూయుట మన విద్యార్థులకు సినిమా గాయకులను చూచి అబ్బిన అలవాటు. అట్లు మూసినచో మైకు తన దిశాగుణమును కోల్పోయి అన్ని వైపుల ధ్వనిని గ్రహించి, కూతను చేతులారా పిలిచినట్లగును.

బుర్రకథ: ఈ కళను తెలుగునాట మారుమూలలకు చేర్చి 1986లో పద్మశ్రీ పొందిన షేక్ నాజర్ గుంటూరు జిల్లా పొన్నెకల్లు వారు. వారి పేరు మన కళాశాల విద్యార్థులకు సహజముగానే ఆత్మీయము. బుర్రకథలో కథకుడు ఒకచోట నిలువడు. ముందుకు దూకును, వెనుకకు తిరుగును, చిందు వేయును. స్టాండు మైకు ముందు అతనిని కట్టివేసినచో కథ సగము చచ్చును. అతనికి తలకు తగిలించు వైర్‌లెస్ మైకు తగినది. చొక్కాకు గుచ్చు చిన్న మైకు నోటికి దూరము. పై లెక్క ప్రకారము కూతకు దగ్గర. వంతలలో ఒకరిది హాస్యము, ఒకరిది రాజకీయము. వారి ఎత్తిపొడుపు మాట వినబడనిచో కథ రక్తి కట్టదు. కావున వారికి చెరియొక మైకు ఉండవలెను. నోటికిని మైకునకును ఎంత దూరమో, మైకునకును మైకునకును దానికి మూడు రెట్లయిన దూరముండవలెను. గుమ్మెటలకు మైకు అక్కరలేదు. వంతల మైకులలో వచ్చునదే చాలును.

కవ్వాలీ: ఇందు గాయకులు ఒకరి ముఖము ఒకరు చూచుచు, ఒకరి తానునకు ఒకరు బదులిచ్చుచు పాడుదురు. దూరదూరముగా కూర్చుండబెట్టి ప్రతివారికి మైకును మానిటరును ఇచ్చుట మా పొరపాటు. దగ్గరగా, తివాచీపై, రెండు వరుసలుగా కూర్చున్నచో సగము మానిటర్ల పని చెవులే చేయును. ప్రధాన గాయకులకు రెండు, హార్మోనియమునకు ఒకటి, తబలాకు ఒకటి, ఢోలకునకు ఒకటి, వెనుక వరుస మొత్తమునకు రెండు మైకులు చాలును. చప్పట్లకు మైకు వలదు. అవి మైకు లేకయే చివరి వరుసకు చేరును.

పాటకచేరి: అసలు పరీక్ష ఇక్కడనే. గిటారు ఆంప్లిఫయరును నేలపై పెట్టినచో అది వాద్యకారుని మోకాళ్ళకు వినిపించును. ఎత్తైన బల్లపై పెట్టి అతని చెవివైపు వంచినచో అతడే తగ్గించుకొనును. కీబోర్డును, ప్యాడ్లను వేదికపై స్పీకరు లేకుండ డి.ఐ. పెట్టె ద్వారా నేరుగా మిక్సరునకు కలుపవచ్చును. డ్రమ్ములకు బదులు ఎలక్ట్రానిక్ ప్యాడ్లు వాడినచో వేదిక మోతలో పెద్ద భాగము తొలగును. చెవిలో పెట్టుకొను ఇన్-ఇయర్ మానిటర్లు నేల మానిటర్లను పూర్తిగా తొలగింపగలవు. కాని వానిని ఒక చెవికే పెట్టుకొనుట మంచిది కాదు. తెరిచిన చెవిలోని మోతతో పోటీపడి రెండవ చెవికి ధ్వని పెంచుకొనుట జరుగును.

ఖాళీ హాలు చేయు మోసము

మధ్యాహ్నము ఖాళీ హాలులో మైకు పరీక్షించి, సాయంకాలము అదే అమరికతో సభ నడుపుట మరియొక పొరపాటు. హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు వాలస్ క్లెమెంట్ సేబిన్ 1895 నుండి అచ్చటి ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలపై పరిశోధించి ఒక సూత్రము కనుగొన్నాడు. గదిలో ధ్వని మారుమ్రోగి అణగిపోవుటకు పట్టు కాలము గది ఘనపరిమాణమును బట్టి పెరుగును. ధ్వనిని పీల్చుకొను వైశాల్యమును బట్టి తగ్గును. మీటర్ల లెక్కలో ఘనపరిమాణమును 0.16తో హెచ్చించి, పీల్చుకొను వైశాల్యముతో భాగించిన ఆ కాలము సెకనులలో వచ్చును.

ఉదాహరణకు 30 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల ఎత్తు గల హాలు ఘనపరిమాణము 3,600 ఘనపు మీటర్లు. గట్టి గోడలు, నాపరాతి నేల గల ఆ హాలు ఖాళీగా నున్నపుడు 200 చదరపు మీటర్ల మేర పీల్చుకొనుననుకొన్నచో మారుమ్రోత 2.9 సెకనులు. అందు 500 మంది వచ్చి కూర్చున్నచో, ఒక్కొక్కరు సుమారు అర చదరపు మీటరు చొప్పున 250 చేరి, అది 1.3 సెకనులకు తగ్గును. మొదటి స్థితిలో ఒక పదము అణగకముందే తరువాతి పదములు వచ్చి దానిపై పడును. రెండవ స్థితిలో మాట మాటగా వినబడును. గోడలకు మందపు తెరలు వ్రేలాడదీయుట, వేదిక వెనుక గోడకు బరువైన గుడ్డ కట్టుట స్పీకర్లు పెంచుట కన్న మేలగుటకు కారణమిదియే.

డిజిటల్ మిక్సరు - చేయగలది, చేయలేనిది

పాత అనలాగ్ మిక్సరులో ధ్వని విద్యుత్ తరంగముగా మీటల గుండ ప్రవహించును. డిజిటల్ మిక్సరు ఆ తరంగమును సాధారణముగా సెకనుకు 48,000 పర్యాయములు కొలిచి అంకెలుగా మార్చి, లెక్కలు చేసి, తిరిగి తరంగముగా మార్చును. మానవ చెవి వినగల గరిష్ఠ పౌనఃపున్యము సుమారు 20,000 హెర్ట్‌జ్. దానికి రెట్టింపునకు మించి కొలిచినచో ఏమియు నష్టము కాదు. 2005లో యమహా ఎం7సీఎల్, 2012లో బెహ్రింగర్ ఎక్స్32 వంటివి వచ్చిన పిమ్మట ఈ యంత్రములు పెద్ద నాటకశాలల నుండి చిన్న సభల వరకు దిగివచ్చినవి.

మనకు దీనివలన కలుగు మేళ్ళలో మొదటిది జ్ఞాపకశక్తి. ముషాయిరాకు ఒక అమరిక, బుర్రకథకు ఒకటి, కవ్వాలీకి ఒకటి ముందే సిద్ధపరచి దాచుకొనవచ్చును. పాటకచేరి ముగిసి కవి లేచు సమయమున ఒక్క మీట నొక్కినంతనే ఏడు మైకులు, అన్ని మానిటర్లు మూతపడి ఒక్క మైకు మాత్రము తెరుచుకొనును. గత సంవత్సరము మనకు కావలసియుండినది సరిగా ఇదే.

రెండవది, ప్రతి మైకునకు ప్రత్యేక సవరణ. కంఠమునకు అక్కరలేని 100 హెర్ట్‌జ్ లోపలి గుంయిధ్వనిని కోసివేయవచ్చును. కూయు స్వరమును గుర్తించి దానిని మాత్రమే సన్నగా తగ్గింపవచ్చును. మూడవది, ఆలస్యము చేయగల శక్తి. వేదిక స్పీకర్లకు 20 మీటర్ల వెనుక వరుసల కొరకు మరి రెండు చిన్న స్పీకర్లు పెట్టినామనుకొందము. సెకనుకు 343 మీటర్లు పోవు ధ్వనికి అంత దూరము చేరుటకు 58 మిల్లీసెకనులు పట్టును. వెనుక స్పీకర్లను అంతకు మరి 10 మిల్లీసెకనులు కలిపి ఆలస్యము చేసినచో, మాట వేదిక నుండియే వచ్చుచున్నట్లు తోచును. ముందు చేరిన ధ్వని దిక్కునే చెవి నమ్మునని 1949లో హెల్మట్ హాస్ తన పరిశోధనలో విశదపరచినాడు. నాలుగవది, టాబ్లెట్ చేతబట్టి నిర్వాహకుడు చివరి వరుసకు నడచి, అచ్చట కూర్చున్నవారి చెవితో విని సవరింపగలుగుట.

యంత్రములో ధ్వని ఒకటి రెండు మిల్లీసెకనులు ఆలస్యమగునని కొందరు కళాకారులు సంకోచింతురు. మానిటరునకు రెండు మీటర్ల దూరమున నిలిచినవానికి గాలిలోనే సుమారు 6 మిల్లీసెకనుల ఆలస్యము కలదని వారు గమనింపవలెను.

ఇక చేయలేనిది. ఒక మైకులో కవయిత్రి కంఠమును, ప్రక్కనున్న ఆంప్లిఫయరు మోతయు కలిసి పడినచో, మిక్సరు ఆ కలగలుపునే నిజాయితీగా కొలిచి చూపును. బియ్యములో రాళ్ళు కలిసిన పిమ్మట మంచి తక్కెడ తెచ్చినందువలన ప్రయోజనమేమి? అంతియే కాక, కొన్ని కొత్త జాగ్రత్తలు కావలెను. కరెంటు ఒక్క క్షణము పోయినను ఈ యంత్రము తిరిగి మేల్కొనుటకు సమయము పట్టును, కావున యు.పి.ఎస్. తప్పనిసరి. ఎర్రదీపము వెలుగునంతగా ధ్వని పెంచినచో అంకెల హద్దు దాటి తరంగము తెగి కర్ణకఠోరమగును. వై-ఫై ఆగిపోయినచో మిక్సరు వద్దనే మరియొకరు సిద్ధముగా నుండవలెను. అమరికలను పెన్ డ్రైవులో భద్రపరచవలెను.

చెవులు, చట్టము

అమెరికాకు చెందిన వృత్త్యారోగ్య పరిశోధన సంస్థ నియోష్ సిఫారసు ప్రకారము 85 డెసిబెల్స్ ధ్వనిని దినమునకు 8 గంటలకు మించి వినరాదు. ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ కాలము సగమగును. 94 వద్ద ఒక గంట, 100 వద్ద 15 నిమిషములు మాత్రమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సంగీత సభలకు సగటున 100 డెసిబెల్స్ గరిష్ఠ పరిమితిగా సూచించినది. డ్రమ్ముల ప్రక్కన ప్రతిదినము సాధన చేయు మన విద్యార్థులు ఈ లెక్కను గోడపై వ్రాసికొనవలెను. పోయిన వినికిడి ఏ మిక్సరు వలనను తిరిగి రాదు.

మన దేశమున 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమముల ప్రకారము లౌడ్ స్పీకరు వాడుటకు అధికారుల వ్రాతపూర్వక అనుమతి కావలెను. రాత్రి 10 నుండి ఉదయము 6 వరకు మూసిన సభాభవనములలో తప్ప వాడరాదు. సాంస్కృతిక, మతపర సందర్భములకు సంవత్సరమున 15 దినములకు మించకుండ అర్ధరాత్రి వరకు ప్రభుత్వము సడలింపవచ్చును. ఆసుపత్రులు, విద్యాలయములు, న్యాయస్థానముల చుట్టు కనీసము 100 మీటర్ల మేర ప్రాంతమును ప్రభుత్వము నిశ్శబ్ద మండలముగా ప్రకటింపవచ్చును. రాత్రి పొద్దుపోవువరకు సాగు ముషాయిరాలను ఆరుబయట జరుపువారు ఈ నియమములను విస్మరింపరాదు.

మా సమాధానము

కార్యవర్గము వారి ప్రశ్నకు బదులు చెప్పుటకు ముందు మేము ఒక చిన్న పరీక్ష జరిపినాము. అదే హాలు, అదే పాత మిక్సరు. ఒక విద్యార్థి ఉర్దూ, తెలుగు పదములను కలగలిపి చదువగా, చివరి వరుసలో కూర్చున్నవారు విన్నవి వ్రాసినారు. ఎనిమిది మైకులు, మానిటర్లు తెరిచియున్నపుడు వ్రాసినవానిలో తప్పులే ఎక్కువ. ఒక్క మైకు మాత్రము ఉంచి, మానిటర్లు ఆపి, వెనుక గోడకు గుడ్డ కట్టి, నోటికి దగ్గరగా చదివించినపుడు ఒకటి రెండు తప్ప అన్నియు సరిపోయినవి. ఆనాటి దోషము మిక్సరుది కాదు, మాది. ఆ అమ్మాయికి మేము ఈ మాట చెప్పి క్షమాపణ కోరినాము.

కావున మా మనవి ఇది. యంత్రము మార్చినంత మాత్రమున కూత ఆగదు. ముందు వేదిక నెమ్మదింపవలెను. మొదట గుడ్డ తెరలు, నోటికి దగ్గర వాడదగిన మంచి మైకులు, డి.ఐ. పెట్టెలు కొనవలెను. పిమ్మట డిజిటల్ మిక్సరును ఉత్సవ దినములకు అద్దెకు తెచ్చి, ఒక పూట పూర్తిగా రిహార్సలుకు కేటాయించి, ఉర్దూ విభాగము నుండి ఒకరు, తెలుగు విభాగము నుండి ఒకరు దానిని నేర్చుకొనవలెను. షేర్ ఎక్కడ ముగియునో, వంత ఎక్కడ అందుకొనునో తెలిసినవారి చేతిలోనే మీట ఉండవలెను. వారు నేర్చిన పిమ్మట కొనుట గురించి కార్యవర్గము వారు యోచింతురు గాక.

విద్యార్థులకు ఒక మాట. వేదికపై మీ వాద్యమును ఒక మెట్టు తగ్గించుట మీ కళను తగ్గించుట కాదు. తోటివాని మాటకు చోటిచ్చుట. రానున్న వార్షికోత్సవమున అదే విద్యార్థిని మరల గజల్ చదువుటకు అంగీకరించినది. తండ్రిగారిని కూడ తీసికొని వచ్చునట. మేము వారిని ముందు వరుసకు ఆహ్వానింపదలచలేదు. చివరి వరుసలోనే కూర్చుండబెట్టెదము. ఈసారి అచ్చటి నుండి "ముకర్రర్" అని వినవచ్చినచో అది మెప్పుకోలుగానే ఉండవలెనని మా ప్రయత్నము.